రాజుగారి పొగబండ్లు, నూకయ్య చక్రాలు

రైలెక్కి వచ్చిన దగ్గర్నుంచి బందరులో నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పీలు వ్యాజ్యం పని మీద చెన్నపట్నం వెళ్ళి, రాయపురంలో పొగబండి ఎక్కి, ఆర్కాటు దాకా పోయి వచ్చినవాడు మా వీధిలో నేనొక్కణ్ణే. వచ్చాక మూడు నెలలు కూర్చుని టేకు చెక్కతోనూ తగరపు రేకుతోనూ మూరెడు పొగబండి తయారుచేశాను. ఒక ఇంజను, రెండు పెట్టెలు, అవి దొర్లడానికి మధ్యలో గాడి తీసిన రెండు చెక్క పట్టాలు. ఇంటికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడం మరిచిపోయానేమో గాని, ఆ బొమ్మ చూపించడం ఒక్కనాడూ మరవలేదు.

ఆ పేరు ఎలా పాకిందో, కోనసీమ నుంచి ఒక రాజుగారి ఉత్తరం వచ్చింది. ఆయనకి రైలు బొమ్మలు పోగుచేసే సరదా ఉందిట. వాళ్ళ ఊళ్ళో పడవలు కట్టే వడ్రంగి నూకయ్య ఒక ఇంజను చేశాడుట. ధవళేశ్వరం కర్మాగారంలో చక్రాల పనికి ఒక మనిషిని తీసుకోబోతున్నారుట. నూకయ్య ఇంజను అసలు దానిలాగే ఉందని రైలు చూసినవారెవరైనా చెబితే, సిఫార్సు ఉత్తరం జతచేసి అతన్ని పంపుతారుట. లేదంటే లేదు. "తమరు దయచేసి పరీక్షించి చెప్పవలెను" అని ముగించారు.

నన్ను ఒకరు పరీక్ష చెయ్యమన్నారు. అది చాలు. బొమ్మని పెట్టెలో పెట్టుకుని బయల్దేరాను. అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు ఎలాగూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు.

సఖినేటిపల్లి రేవు

నరసాపురంలో పడవెక్కి వసిష్ఠ దాటితే కోనసీమ. పడవలో పక్కన కొబ్బరికాయల వర్తకుడు ఒకాయన కూర్చున్నాడు. ఏ ఊరండి, ఎవరి తాలూకండి, పిల్లలెంతమందండి, భోంచేసేరా అండి అని వరసగా అడిగి, జవాబులన్నిటికీ తల ఊపాడు. మా బందరులో ముక్కూ మొహం తెలియనివాణ్ణి అన్ని ప్రశ్నలడిగితే తగువవుతుంది. ఇక్కడ అడక్కపోతే తప్పుట.

నా పెట్టెలో ఏముందో చెప్పాను. అంతే, పడవంతా నావైపు తిరిగింది.

"ఎద్దులు లేకుండా పోతుందాండి?"

"ఎద్దులూ లేవు, గుర్రాలూ లేవు. ఆవిరి."

"ఆయ్" అన్నాడు వర్తకుడు.

"గంటకి పది కోసులు పోతుంది."

"ఆయ్."

నాకు ఉత్సాహం వచ్చింది. అబద్ధమాడితే ఏమంటాడో చూద్దామనిపించింది. "నది అడ్డం వస్తే ఒక్క ఎగురు ఎగిరి అవతల వాలుతుంది" అన్నాను.

"ఆయ్, ఎగరాలి కదండి మరి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఈ జనం ఎంత అమాయకులో అనుకున్నాను. ఈ కథలో నేను అనుకున్నవాటిలో ఇది మొదటిది. మిగతావీ దీనిలాంటివే కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

రాజోలు

రాజోల్లో పూటకూళ్ళ ఇంట్లో దిగాను. పూటకూళ్ళమ్మ మనిషి ఇంతే ఉంటుంది, గరిటె మాత్రం పెద్దది. పనసపొట్టు కూర, కంద బచ్చలి, మజ్జిగ పులుసు, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు. మా వైపు "చాలు" అంటే చాలు. ఇక్కడ మొదటిసారి చాలు అంటే మొహమాటం, రెండోసారి అంటే పెట్టమని అర్థం, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వడ్డిస్తారు.

"ఇంక వద్దమ్మా, ప్రాణం పోతుంది" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అంటూ ఇంకో గరిటె పెరుగు వేసింది.

ధరల మాట చెప్పకపోతే ఇలాంటి రాతలు చదివేవాళ్ళు ఊరుకోరు. బందరులో ఒక కొబ్బరికాయ కొనే డబ్బుకి ఇక్కడ నాలుగిచ్చి, మోసుకుపోగలరా అండి అని అడుగుతారు. అరటిపళ్ళు గెలతో అమ్ముతారు, రెండు పళ్ళు కావాలంటే ఊరికే ఇచ్చేస్తారు. ఉప్పు మాత్రం మా ఊరి ధరే. ధర మారనిది ఒకటైనా కనబడినందుకు నాకు కాస్త ఊరటగా అనిపించింది.

తాటిపాక మీదుగా

రాజోలు దాటాక తాటిపాక దగ్గర ఒక కాలవ. దాని మీద వంతెన అని వాళ్ళనేది ఒక తాటిదుంగ. నా ముందు ఒకావిడ తలమీద గంపతో, చంకలో బిడ్డతో, వెనకనున్న మనిషితో మాట్లాడుతూ దాటేసింది. నేను పెట్టె పట్టుకుని, పంచె ఎగ్గట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ సగం దూరం వెళ్ళాను. మిగతా సగం నీళ్ళలో వెళ్ళాను.

లోతు మొలబంటే. పరువు మాత్రం పూర్తిగా మునిగింది. పెట్టె తెరుచుకుని ఇంజను బురదలో పడింది, పొగగొట్టం ఊడిపోయింది. కాలవలో వల వేస్తున్న ఒకామె నవ్వు ఆపుకుని వచ్చి, బురదలో చెయ్యిపెట్టి వెతికి గొట్టం తీసి కడిగి ఇచ్చింది.

"ఇదేనాండి అయ్యగారండి? సున్నం డబ్బీయా అండి?"

పొగబండి గొట్టమని చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందండి" అంది. అప్పుడు నేను సంతోషించాను కూడా.

నగరం దగ్గర ఒక ఇంటి అరుగు మీద పంచె ఆరబెట్టుకుని, పాశర్లపూడి రేవులో వైనతేయ దాటి, సాయంత్రానికి రాజుగారి ఊరు చేరాను. అమలాపురానికి రెండు కోసుల దూరం. ఊరి పేరు రాయను. ఆయన మర్యాదకి నేను చెయ్యగలిగింది ఇప్పుడు అంతే.

రాజుగారి సావడి

రాజుగారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, కోటేరేసిన ముక్కు, ముత్యాల పోగులు, ఎదటివాళ్ళ మాట పూర్తికాకముందే మెచ్చుకునే అలవాటు. "దయచెయ్యండి పంతులుగారూ. రైలెక్కిన పాదాలు మా గడపలో పెట్టేరు" అన్నారు. ఇంకేం కావాలి? బురద మాట మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే సావిట్లోకి తీసుకెళ్ళి తన బొమ్మలు చూపించారు. గోడవార పొడుగాటి బల్ల మీద పధ్నాలుగు పొగబండ్లు. ఆయన ఎన్నడూ రైలు చూడలేదు. చేసినవాళ్ళెవరూ చూడలేదు. చెన్నపట్నం నుంచి ఎవరో బంధువు రాసిన ఉత్తరం ఒకటి చదివి వినిపిస్తే, ఎవరి పనితనం కొద్దీ వాళ్ళు చేశారు.

మేనాలు చేసేవాడు చేసిన రైలుపెట్టెకి రెండు వైపులా బొంగులున్నాయి. "ఆవిరి అయిపోతే బోయీలు మోసుకుపోతారండి" అన్నారు రాజుగారు. రథం చెక్కేవాడు చేసినదానికి మూడు అంతస్తులు, పైన కలశం. మేదరివాడు కొబ్బరికాయల కోసం వెదురుతో అల్లిన బండి చేశాడు, దానికి చక్రాలు కూడా బుట్టలే. కంసాలి చేసిన వెండి ఇంజనుకి ముందువైపు ముక్కుపుడక ఉంది. ఇది ఎందుకండీ అని అడిగితే, ముందు నడిచేది కదండి, బోసిగా ఉంటే ఏం బాగుంటుంది అన్నారు.

అన్నిటికన్నా ముచ్చటైంది మడి పెట్టె. మడి కట్టుకున్నవాళ్ళు ఎక్కేదిట. మైల తగలకుండా మిగతా బండికి జానెడు తాడుతో దూరంగా కట్టి ఉంది. నేను నవ్వబోయి, మా పెద్దనాన్నగారు ఇది చూస్తే రైలెక్కడానికి ఒప్పుకుంటారని తోచి ఆగిపోయాను. నేనెక్కిన రైల్లో నా ఒళ్ళో ఒకరి చెయ్యీ, నా భుజం మీద ఇంకొకరి గడ్డం ఉన్నాయన్న సంగతి ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు.

పధ్నాలుగింటినీ మెచ్చుకున్నాను. మెచ్చుకోవడం తేలిక, అవన్నీ నా బొమ్మ కన్నా అధ్వానంగా ఉన్నాయి.

అప్పుడు నూకయ్య వచ్చాడు.

నూకయ్య ఇంజను

యాభైకి దగ్గరపడిన మనిషి. పడవల్లోకి నీళ్ళు దూరకుండా నల్లటి కీలు పూసీ పూసీ చేతులు ఇంజను రంగులోనే ఉన్నాయి. గుమ్మం బయటే నిలబడి, నార సంచిలోంచి ఇంజను తీసి, తుడిచి, గడప మీద పెట్టాడు.

నల్లగా ఉంది. నగలేమీ లేవు. తుమ్మచెక్కతో పొట్ట, దానికి ఇనప పట్టీలు, కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. చక్రం తిరిగితే కడ్డీ కదులుతోంది, కడ్డీ తోస్తే చక్రం తిరుగుతోంది. ఒక్క మేకు తల బయటికి లేదు. రాయపురంలో పొగలోంచి నేను చూసిన ఆ నల్లటి జంతువు పిల్లని పెడితే ఇలాగే ఉంటుంది.

ఈ మాట దాచను. ఇతను రైలు చూడలేదు, నేను చూశాను, బొమ్మ మాత్రం అతనిదే నిజమైంది. మూడు నెలలు నిద్ర మానుకుని చేసిన నా తగరపు ఇంజను అప్పుడు నా చంకలో ఉంది. దాన్ని బయటికి తియ్యాలనిపించలేదు.

లోపం కోసం వెతికాను. ఎత్తి చూశాను, తిప్పి చూశాను. చివరికి చక్రాల దగ్గర దొరికింది. ప్రతి చక్రానికీ లోపలివైపు చిన్న అంచు లేచి ఉంది, పళ్ళేనికి ఉన్నట్టు.

"ఇదేమిటి?" అన్నాను.

"పట్టా మీంచి పక్కకి పోకుండానండి" అన్నాడు నూకయ్య. "లోపల ఆ అంచు పట్టాని ఒరుసుకుని ఉంటుందండి. రెండు చక్రాలూ ఒక్క ఇరుసుకే బిగించి ఉన్నాయండి. ఇది ఇటు పోతానంటే అది పోనివ్వదండి."

"ఎక్కడ చూశావు?"

"ధవళేశ్వరంలోనండి. ఆనకట్టకి రాళ్ళు తెచ్చే బండ్లు ఇనప పట్టాల మీద నడుస్తాయి కదండి. పడవ తీసుకెళ్ళినప్పుడు కిందకి దూరి చూసేనండి."

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "రాళ్ళు మోసే బండీ, మనుషులెక్కే రైలూ ఒకటే అనుకున్నావా? నేను ఎక్కాను. నా కళ్ళతో చూశాను. రైలు చక్రం నున్నగా ఉంటుంది, అంచూ గించూ ఉండదు. పట్టాకే గాడి ఉంటుంది."

నిజానికి నేను చూసిందేమిటి? రాయపురంలో రైలెక్కడానికి ఎత్తుగా ఒక అరుగు కట్టారు. ఆ అరుగు మీంచి చూస్తే చక్రం పైభాగం, అదీ బయటివైపు, జానెడు కనబడుతుంది. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. గాడి నేను ఊహించింది. లేకపోతే బండి ఎలా నిలుస్తుందో నాకు తోచలేదు గనక గాడి ఉండే ఉంటుందనుకున్నాను. అనుకుని, అనుకుని, బందరులో నూరుమందికి చెప్పి చెప్పి, చూసినట్టే అయిపోయింది.

రాజుగారు నావైపు చూశారు, నూకయ్య వైపు చూశారు. "పంతులుగారు చూసేరు కదా నూకయ్యా" అన్నారు మెల్లిగా.

"ఆయ్" అన్నాడు నూకయ్య.

"అయితే అంచులు చెక్కెయ్యి."

"అలాగేనండి."

అక్కడే అరుగు మీద కూర్చుని, బాడిసెతో, ఉలితో, ఆఖర్న ఆకురాయితో, ఆరు చక్రాల అంచులూ తీసేశాడు. తొందరపడలేదు, విసుక్కోలేదు. తీసినంతమేరా నున్నగా మెరుగు కూడా పట్టాడు. నేను పక్కన కుర్చీలో కూర్చుని, ఇక్కడ ఇంకా కొంచెం ఉందని వేలు పెట్టి చూపించాను.

తమ్మపడిగలో పొగబండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక పరీక్ష. రాజుగారి సావిట్లో నూకయ్య వేసిన పట్టాలున్నాయి. సన్నటి చెక్క బద్దల మీద ఇనప రేకు. ఒక చివర ఎత్తు, అక్కడ వదిలితే ఇంజను దానంతట అదే దొర్లి, సావడి మధ్య స్తంభం చుట్టూ తిరిగి, రెండో చివర ఆగాలి.

నూకయ్య ఇంజను పెట్టి వదిలాడు. దొర్లింది. అందంగా దొర్లింది. స్తంభం దగ్గర పట్టా వంపు తిరిగింది. ఇంజను తిరగలేదు. తిన్నగా పోయి, రాజుగారు తాంబూలం ఉమ్మే తమ్మపడిగలో తలకిందులుగా పడింది.

ఎవరూ నవ్వలేదు. పదిమంది ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు. మా బందరులో అయితే ఇల్లెగిరిపోయేది. రాజుగారు, "పట్టాల తప్పండి. గాడి తీయించాలి" అన్నారు. దివాను, "గాలి కూడా ఎక్కువగా ఉందండి" అన్నాడు. ఆకు కదలడం లేదు. నూకయ్య ఇంజను తీసి, కడుక్కు రావడానికి వెళ్ళాడు.

నాకు వంటశాల వైపు తలుపు చాటునుంచి గాజుల చప్పుడు వినిపించింది. రాజుగారి తల్లిగారు. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయివాళ్ళ ఎదటికి రారు. అందరూ లేచి వెళ్ళాక తలుపు వెనకనుంచే పలకరించారు.

"పంతులుగారండి, ఒక్క మాట. ఆ బండి నెల్లాళ్ళుగా ఈ సావిట్లో తిరుగుతోందండి. రోజుకి పదిసార్లు. ఒక్కనాడు పడలేదండి."

"మరి రాజుగారు ఆ సంగతి నాకు చెప్పలేదేమండీ?" అన్నాను.

"ఎలా చెబుతాడండి? ఉత్తరం రాసి, చెప్పండి మహాప్రభో అని పిలిపించుకున్నాడు. పిలిపించుకున్న మనిషిని మా ఇంట్లో కూచోబెట్టి మీది తప్పండి అంటే, మా ఇంటి పరువేం కావాలండి? మీరు ఏవంటే అదే."

"నూకయ్యయినా అనవచ్చు కదా?"

"నూకయ్య మా వాడి మాట కాదనడు. మా వాడు మీ మాట కాదనడు. మధ్యన చక్రాలు పోయేయండి." గాజులు మళ్ళీ చప్పుడయ్యాయి. "పెరుగు సరిపోయిందాండి మీకు?"

మర్యాద అనేది ఇంత ప్రమాదకరమైన వస్తువని నాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు నుంచి ఆ దేశమంతా నన్ను చూసి ఆయ్, ఆయ్ అంటుంటే, నా తెలివికి మెచ్చుకుంటున్నారనుకున్నాను. వచ్చినవాణ్ణి బాధపెట్టకుండా సాగనంపుతున్నారంతే. వాళ్ళ మీద పట్టరాని కోపం వచ్చింది. నా మీద రావలసిన కోపం అది, దారి తప్పి వాళ్ళ మీద వచ్చింది.

రాజుగారి దగ్గరికి వెళ్ళి, "నేను పొరపాటు పడ్డానేమో" అన్నాను.

"తమరి వినయం అలాంటిది" అన్నారు ఆయన.

అప్పటికే ఉత్తరం రాయించేశారు. రైలెక్కిన పంతులుగారు స్వయంగా పరీక్షించి, లోపాలు సరిచేయించిన ఇంజను ఇది, దీన్ని చేసిన నూకయ్యకి పని ఇప్పించవలెను అని అందులో ఉంది. ఇంజనుని గుడ్డలో చుట్టి, తాడు కట్టి, లక్కతో ముద్ర వేశారు. పనికి మనిషిని తీసుకునే గడువు ఇంకో మూడు రోజుల్లో అయిపోతుంది, నూకయ్య వెంటనే బయల్దేరాలి.

నేనూ వస్తానన్నాను. నూకయ్య కోసం వెళ్ళానని రాస్తే బాగుంటుంది గాని, అబద్ధం. రాళ్ళబండి కింద అంచు లేదని, నేనే రైటని తేలుతుందేమో అన్న ఆశ ఇంకా మిగిలి ఉంది. అందుకు వెళ్ళాను.

ముక్తేశ్వరం, కొత్తపేట

పడవలో ఒక చివర నేను, రెండో చివర నూకయ్య, మధ్యలో ముద్ర వేసిన మూట. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు పట్టి లాగుతున్నారు. రెండు వైపులా కొబ్బరి తోటలు. అందంగానే ఉన్నాయి, ఎవరైనా వేరేవాళ్ళు వర్ణిస్తారు, నాకు అప్పుడు చూపు ఆ మూట దాటి పోలేదు.

ముక్తేశ్వరం దగ్గర పడవ ఆగితే బొండాలు కొట్టించాను. నూకయ్యకి ఒకటి ఇచ్చి అడిగాను, "పడవల పని బాగానే ఉంటుంది కదా, ఇదంతా ఎందుకు?"

"పడవ మా తాత చేసినట్టే చేస్తానండి. ఎవరైనా అంతేనండి" అన్నాడు. "ఆ రాళ్ళబండి కింద దూరి చూసినప్పుడు, ఇది ఎవరో కూచుని ఆలోచించేరండీ అనిపించిందండి. అలాటి చోట ఉండాలనిపించిందండి." ఒక గుక్క తాగి మళ్ళీ అన్నాడు, "ఈసారి కాకపోతే ఇంక తీసుకోరండి. నా వయసు చూసేక."

కొత్తపేటలో పడవ మారాం. అక్కడ సత్రంలో ఒకాయన నా పెట్టె చూసి లోపల ఏముందండి అని అడిగాడు. బట్టలన్నాను.

"నూకయ్యా, దారిలో కొత్త చక్రాలు చేసి బిగించెయ్యరాదూ?" అన్నాను, పడవ మళ్ళీ కదిలాక.

"రాజుగారి ముద్రండి. ఇప్పకూడదండి."

నాకు అతన్ని కొట్టాలనిపించింది.

ధవళేశ్వరం

బొబ్బర్లంక దగ్గర గోదావరి దాటి ధవళేశ్వరంలో దిగాం. ఎండ మండిపోతోంది. గట్టు పక్కన ఇనప పట్టాల మీద రాళ్ళబండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. నూకయ్య నీడలో ఆగిపోయాడు. నేను ఉత్తరీయం తీసి, పంచె బిగించి, బండి కిందికి దూరాను. నెత్తిమీద ఇరుసులకి పూసిన ఆముదం, మోకాళ్ళ కింద కంకర. చూశాను. చక్రానికి లోపలివైపు అంచు ఉంది. రెండో చక్రానికీ ఉంది. అన్నిటికీ ఉంది. నమ్మకం కలక్క వేలుపెట్టి కూడా తడిమాను.

బయటికి వచ్చేసరికి నా తెల్ల పంచె నూకయ్య పంచెలాగే ఉంది.

చక్రాల మేస్త్రీ ఒక పాకలో కూర్చుని ఉన్నాడు. చేతులనిండా నిప్పురవ్వల మచ్చలున్న మనిషి, నవ్వు అలవాటున్నట్టు లేదు. ముద్ర పగలగొట్టి ఇంజను తీశాడు. చూడగానే ఆయన మొహం మారింది. కడ్డీలు ఆడించాడు, పొట్ట మీద వేలితో కొట్టి విన్నాడు. నలుగురు పనివాళ్ళు పని ఆపి చుట్టూ మూగారు. తరవాత వెనక్కి తిప్పి, చక్రాల మీద బొటనవేలు రాశాడు.

"అంచులేవయ్యా?"

నూకయ్య నావైపు చూడనైనా చూడలేదు. "లేవండి" అన్నాడు.

"పైదంతా ఇంత చక్కగా చేసి, చక్రానికి అంచుండాలని తెలీదా? ఈ పని చక్రాల కోసమే కదా." మేస్త్రీ ఇంజను కింద పెట్టాడు. "వెళ్ళిరా. పడవలు చేసుకో."

"ఆయ్" అన్నాడు నూకయ్య. వంగి, గుడ్డ తీసుకుని, ఇంజనుని చుట్టడం మొదలుపెట్టాడు.

అతను ముడి వేసేదాకా నేను నోరు తెరవలేదు. అంతసేపు ఆగాను. ఎవరైనా చెప్పేస్తారేమో, నేను చెప్పకుండా గడిచిపోతుందేమో అని ఆగాను. అక్కడ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకడు చచ్చినా చెప్పడు.

"అంచులుండేవి. నేను చెక్కించాను" అన్నాను.

మేస్త్రీ ఉత్తరం విప్పి చదివాడు. "సరిచేయించిన పంతులుగారు తమరేనా?"

"నేనే."

"రైలెక్కేరా?"

"ఎక్కాను."

"చక్రం చూసేరా?"

"లేదు."

"మరేం చూసేరండి?"

"ఎదుట కూర్చున్నాయన తలపాగా. అదే అడ్డం వచ్చింది" అన్నాను. అది నిజం. ఆర్కాటు దాకా నేను చూసింది అదే. కిటికీ వైపు తిరిగినప్పుడల్లా భయమేసి కళ్ళు మూసుకున్నాను.

పనివాళ్ళు నవ్వారు. అది కోనసీమ నవ్వు కాదు, ఆపుకునేది కాదు, పాక ఎగిరిపోయింది. వెనక నిలబడినవాళ్ళకి వినబడలేదని మరోసారి చెప్పించారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఒక చెక్క ముక్కా ఉలీ నూకయ్య ముందు పెట్టి, "ఒకటి చేసి చూపించు" అన్నాడు.

గంట పట్టలేదు. చక్రం చేసి, అంచు తేల్చి, ఇరుసుకి బిగించి ఇచ్చాడు. మేస్త్రీ దాన్ని ఎత్తి ఒక కన్ను మూసి చూసి, కింద పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"కర్మాగారం దొరగారికి ఈ ఇంజను చూపించాలి" అన్నాడు నాతో. "చక్రాలు ఇలా ఎందుకున్నాయని అడుగుతారు. ఏం జరిగిందో రాసి సంతకం పెట్టి ఇవ్వండి పంతులుగారూ. పనివాళ్ళ కాగితాల్లో పెడతాం."

కాగితం, కలం తెచ్చారు. రాశాను. రాత నా వృత్తి, ఎంతటి అవమానాన్నయినా మంచి మాటల్లో పెట్టగలను. రైలు చక్రము యొక్క స్వరూపము నేను ఎరుగనివాడనయ్యును ఎరిగినట్లు పలికితిని అని రాశాను. నూకయ్య మీద మచ్చ పడకూడదని, నా మాట నమ్మి, తెలియక అంచులు చెక్కివేసినాడు, ఇందులో అతని తప్పు లేదు అని కూడా చేర్చాను. చేర్చి, చాలా ధర్మంగా రాశాననుకున్నాను.

నూకయ్యకి చదవడం రాదు. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. తలవంచుకుని ఆఖరిదాకా విన్నాడు. ఆయ్ అంటాడని ఎదురుచూశాను.

"అలా కాదండి" అన్నాడు.

మేస్త్రీ తలెత్తి చూశాడు.

"తెలియక అని రాసేరండి. నాకు తెలుసండి. తెలిసే చెక్కేనండి" అన్నాడు నూకయ్య. "అది దిద్దండి."

కలం మళ్ళీ సిరాలో ముంచి, నూకయ్య చూస్తుండగా, ఆయన అన్నట్టే దిద్దాను.